తోడేలు బలం 5.4

తోడేలు బలమెంత అని అడవిలో అడిగితే గొర్రె ఒకటి చెబుతుంది, జింక ఇంకొకటి చెబుతుంది, పెద్దపులి అసలు జవాబే చెప్పదు. ఇక ఆ గందరగోళం అక్కర్లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లలో ఒక పండిత వర్గం దశాంశంతో సహా తేల్చేసింది: 5.4. శత్రువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందాల్సిన అంకె) 15, యజమాని మూడో లెవెల్ రేంజర్ అయితే రౌండుకు సగటున అది చేసే నష్టం అంత. అదే పెద్ద విషసర్పానికైతే సుమారు 11. కాబట్టి సర్పం ఉత్తమం, తోడేలు మధ్యమం, ముచ్చటపడి తోడేలును పెంచుకున్నవాడు అధముడు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట ఇది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. డంజియన్ మాస్టర్ కథ నడుపుతాడు. మిగతావాళ్లు అందులో వీరులు, మంత్రగాళ్లు, దొంగలు. ఏం చేస్తున్నారో నోటితో చెబుతారు. అవునో కాదో తేలనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అడవి ఎరిగిన రేంజర్‌కో, ప్రకృతి మంత్రాల డ్రూయిడ్‌కో తోడుగా ఒక జంతువు ఉండొచ్చు. దానికి పేరు పెట్టుకోవచ్చు, కాపలా పెట్టొచ్చు, వాసన పట్టించొచ్చు. మన పండితులు మాత్రం దాని మూతి చూడకముందే కాలిక్యులేటర్ తీస్తారు.

వాళ్ల పద్ధతి చూడండి. 2014 నాటి నిబంధనల ప్రకారం రేంజర్ వెంట ఉన్న తోడేలు కాటుకు +6 కలుస్తుంది. 15 అందాలంటే పాచిక మీద 9 గానీ అంతకు మించి గానీ పడాలి. ఇరవైలో పన్నెండు ముఖాలు అనుకూలం, అంటే 60 శాతం. పన్ను దిగితే సగటు నష్టం 9. గుణిస్తే 5.4. గుణకారంలో తప్పు పట్టలేం, ఇవి కాకి లెక్కలు కావు. చిక్కల్లా ఆ కొట్లాట జరిగే చోటుతోనే. అక్కడ చీకటి ఉండదు, బురద ఉండదు, ఇరుకు మెట్లుండవు. శత్రువు పారిపోడు, బేరానికి రాడు, పెద్దమనిషిలా కదలకుండా నిలబడి కరిపించుకుంటాడు. వాళ్లే దీన్ని వైట్ రూమ్ అంటారు. కథ నడపడం తెలిసిన ఏ డంజియన్ మాస్టరూ తన ఆటగాళ్లను అలాంటి గదిలోకి పంపడు.

మొదటి ర్యాంకు సర్పాన్ని ఒక్కసారి శ్మశానంలోకి తీసుకెళ్లండి. అక్కడ ఎదురయ్యేవి అస్థిపంజరాలు, నడిచే శవాలు. వాటికి విషమెక్కదని ఆట పుస్తకాలే రాశాయి. ర్యాంకరు గారు వట్టి కోరల గాట్లతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇంకో వింత గుడ్లగూబది. అదే నిబంధనల్లో దానికున్న హిట్ పాయింట్, అంటే ప్రాణబలం, ఒకే ఒక్కటి. మంత్రగాడి తోడుగా వచ్చినప్పుడు దాడి చేసే హక్కు కూడా లేదు. నష్టం పట్టికలో సున్నా. అయినా లెక్కలవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఎందుకంటే అది రివ్వున వాలి, శత్రువు దృష్టి మళ్లించి, ఎదురుదెబ్బ తినకుండా ఎగిరిపోతుంది. ఆ సందులో మనవాడు రెండు పాచికలు వేసి మంచిది ఉంచుకుంటాడు. సున్నా మార్కుల పక్షికి పట్టాభిషేకం చేసిన చేత్తోనే మళ్లీ తోడేలుకు 5.4 వేస్తున్నామన్న సంగతి ఆ పండితులకు తట్టదు.

మన గోదావరి జిల్లాల పందెంరాయుళ్లకు కుక్కుట శాస్త్రమనేది ఒకటుంది. ఏ వారం, ఏ నక్షత్రం, ఏ జాములో డేగ గెలుస్తుంది, ఎప్పుడు కాకి గెలుస్తుంది, నెమలి ఎప్పుడు నెగ్గుకొస్తుంది అన్నీ అందులో రాసి ఉంటాయి. నమ్మమని చెప్పను. కానీ పుంజు బలం వేళను బట్టి, ఎదుటి పుంజును బట్టి మారుతుందని ఆ శాస్త్రమైనా ఒప్పుకుంది. పైగా అది నమ్మినవాడు డబ్బు ఒడ్డి మరీ నమ్మాడు. దశాంశ శాస్త్రజ్ఞుడు ఒడ్డేది ఏమీ లేదు. అందుకే అంత ధీమా.

ఆ అంకెలు దేనికోసం పుట్టాయో గుర్తుంటే ఇంత రభస ఉండదు. 2003లో వచ్చిన 3.5 సంచికలో ఇంటి పిల్లికి రెండు హిట్ పాయింట్లు. పల్లెటూరి సామాన్యుడికి నాలుగు ముఖాల పాచిక వేస్తే ఎంత పడితే అంత. పిల్లి గోటిదెబ్బ ఎంత చిన్నదైనా ఒక పాయింటు పోవాల్సిందే. అంటే పాల గిన్నె దగ్గర పిల్లిని అదిలించబోయిన గృహస్థు ప్రాణాలకే గ్యారంటీ లేదు! డ్రాగన్లను తూచడానికి చేసిన కాటాలో చిటికెడు ఇంగువ తూచితే ఇంతే. బుద్ధిగలవాడు నవ్వుకుని ముందుకు పోతాడు. పండితుడు మాత్రం పట్టికలో పిల్లికి ఒక వరుస గీస్తాడు.

ఇలా పోల్చడానికి మొదట్లో ఒక న్యాయమైన కారణం లేకపోలేదు. అదే సంచికలో డ్రూయిడ్ మొదటి లెవెల్‌లోనే రైడింగ్ డాగ్ అనే పెద్ద కుక్కను వెంట తెచ్చుకోవచ్చు. దానికి 13 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ 16. ఒంట్లో సత్తువున్న ఫైటర్ అదే లెవెల్‌లో 12 హిట్ పాయింట్లతో మొదలవుతాడు. కుక్కేమో యుద్ధశిక్షణ ఉంటే కరిచి కింద పడేస్తుంది కూడా. వెనకాల నిలబడి డ్రూయిడ్ మంత్రాలు వేరే. సాయంత్రమంతా కత్తి పట్టుకు కూర్చున్న మనిషి, పక్కవాడి కుక్కకన్నా తీసికట్టయ్యానే అని బాధపడితే తప్పేముంది? అయితే ఆ బాధ మనిషిది. బల్ల దగ్గర ఎవరి వంతుకు విలువుంది, ఎవరికి లేదు అన్నది అసలు తగువు. దాన్ని వదిలేసి కుక్కల జాతకాలు చూడటం మొదలుపెట్టారు.

2014లోనూ అదే జరిగింది. ఆ ఏటి పుస్తకంలో జంతువును వెంటబెట్టుకునే రేంజర్‌ను బీస్ట్ మాస్టర్ అంటారు; అతని తోడేలు తనంతట తాను కరవదు. అది కరవాలంటే యజమాని తన వంతు ఖర్చు పెట్టాలి. మూడో లెవెల్‌లో అయితే బాణం వేయడం మానుకోవాలి. మీదకొచ్చిన శత్రువు యజమానిని నరుకుతున్నా, ఆజ్ఞాపత్రం అందలేదని చూస్తూ నిలబడే తోడేలు అది. ప్రభుత్వ కార్యాలయాల్లో తప్ప అంతటి క్రమశిక్షణ కనబడదు. ఆ తప్పు రాసినవాళ్లది. తిట్లు తిన్నది తోడేలు. చిరుతవాళ్లు, సర్పంవాళ్లు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించుకున్నారు తప్ప, ఏ జంతువైనా అనుమతి కోసం ఎదురుచూడాల్సిందే కదా, ఏది మేలైతే ఏం ఒరిగింది అని ఆ పట్టికల్లో ఎవరూ రాయలేదు.

2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే పుస్తకం వచ్చింది. బోనస్ యాక్షన్ అనే అదనపు చర్యతో జంతువును ఉసిగొల్పి, యజమాని తన బాణమూ వేసుకోవచ్చంది. మేలైన మార్పు. అక్కడితో ఆగలేదు. నేల జంతువు, నీటి జంతువు, ఆకాశ జంతువు అని మూడు అచ్చులు పోసి, ఉన్న మృగజాతినంతా ఒకే గాటన కట్టేసింది. నేల అచ్చులో తోడేలన్నా, మేకన్నా, అడవిపందన్నా అవే హిట్ పాయింట్లు, అదే దెబ్బ. పైగా ఆ అచ్చుకు 40 అడుగుల నడకతో పాటు 40 అడుగుల ఎక్కుడు కూడా ఉంది. అంటే మన పంది, నేల మీద పరిగెత్తినంత వేగంగా తాటిచెట్టెక్కుతుంది.

ఇది ఎవరి విజయమో చెప్పక్కర్లేదు. తోడేలుకు గుంపుగా వేటాడే తెలివి, సర్పానికి విషం, చిరుతకు ఎగిరి దూకే ఒడుపు ఉన్నంతకాలం పట్టిక సరిగ్గా కుదరలేదు. ఇప్పుడు అంకెలు చక్కగా కుదిరాయి, జంతువు ఊడింది. ఈ ఆట లోకంలోనే నడిచే ఆర్.ఎ. సాల్వటోర్ నవలల్లో డ్రిజ్ట్ అనే వీరుడి వెంట తిరిగే నల్ల చిరుత గ్వెన్‌హ్వివార్‌ను అభిమానులు పేరుతో తలుచుకుంటారు. దాని సగటు నష్టం ఎంతో తెలుసుకుని ప్రేమించినవాడు ఒక్కడుంటే చూపించండి.

2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కూడా ఆ మూడు అచ్చుల్నే ఉంచింది. పండితులకేం, పని తగ్గలేదు. నేలా, నీరా, ఆకాశమా అని మూడు వరుసల పట్టిక గీసి మళ్లీ దశాంశాలు తీస్తున్నారు. ఇంతకీ మీ వెంట ఉన్నది ఏ జంతువండీ అని అడిగితే, ఏదైతేనేం అంటారు.