తాళం ఘనం, గొళ్ళెం దైవాధీనం

పండక్కి ఊరెళ్ళే గృహస్థుడు ఇంటికి తాళం వేసే తీరు చూసి తీరాలి. అరచెయ్యంత అలీగఢ్ తాళంకప్ప బిగించి ఒకసారి లాగుతాడు. మెట్లు దిగాక అనుమానమొచ్చి మళ్ళీ ఎక్కి, ఈసారి దానికి వేలాడినంత పని చేస్తాడు. తాళం కదలదు. దాన్ని మోసే గొళ్ళేన్ని పట్టుకున్నవి మాత్రం నాలుగు అరంగుళం స్క్రూలు. వాటిలో ఒకటి గృహప్రవేశం నాడే ఊడిపోయింది. దొంగకిక తాళంతో పనేముంది? చిన్న గునపం దూర్చి గొళ్ళేన్నే పెకలిస్తాడు. తాళం చెక్కుచెదరకుండా గుమ్మంలో పడి ఉంటుంది, కంపెనీ గ్యారంటీకి ఏ లోటూ రాకుండా.

గొళ్ళెం గట్టిదైతే తాళంచెవి ఉండనే ఉంది. పనిమనిషి వస్తుందనో, అబ్బాయి హాస్టల్ నుంచి ముందే దిగుతాడనో దాన్ని ఎవరికీ తెలియని చోట దాస్తారు. ఆ రహస్య స్థలాలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే: పూలకుండీ కింద, గుమ్మంలో పట్టా కింద, మీటరు పెట్టె మీద, చెప్పుల స్టాండులోని పాత బూటులో.

అలాగని తాళాలు అజేయమేమీ కావు. లండన్‌లో బ్రామా కంపెనీ తమ తాళం తీసినవాడికి 200 గినీలిస్తామని దుకాణం అద్దాల వెనక దశాబ్దాలపాటు సవాలు పెట్టింది. 1851లో అక్కడి మహాప్రదర్శనకొచ్చిన అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ ఆ సవాలు గెలిచాడు. పట్టిన సమయం 16 రోజుల్లో 51 గంటలు. అంత ఓపికే ఉంటే మన దొంగ గ్రూప్-1 రాసేవాడు.

ఓపిక లేనివాడు వేరే దారి చూసుకుంటాడు. 2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో జరిగిందదే. తలుపులకు తాళాలున్నాయి, కెమెరాలూ ఉన్నాయి. వచ్చినవాళ్ళు తలుపుల జోలికే పోలేదు. వెంటిలేటర్ ఊచలు తీసి లోపలికి దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. వారం తిరిగేసరికి దొరికిపోయారు. ఈలోగా ఒకడు ఆ డబ్బాలోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు. ఏళ్ళ తరబడి అద్దాల వెనక ఖాళీగా కూర్చున్న డబ్బాకు ఆ వారం చేతినిండా పని.

ప్రయాణంలోనూ ఇదే వరస. సూట్‌కేసుకుండే మూడంకెల తాళానికి 1000 కలయికలు. రెండు సెకన్లకొకటి చొప్పున తిప్పినా అరగంట దాటితే అన్నీ అయిపోతాయి. చాలా పెట్టెలకు ఆ శ్రమా ఉండదు, కొన్ననాటి 000 అలాగే ఉంటుంది. అదీ కాదంటే జిప్పు పళ్ళ మధ్య బాల్‌పెన్ను గుచ్చితే చాలు, తాళం వేసింది వేసినట్టే ఉండగా పెట్టె నోరు తెరుస్తుంది. దాన్ని బెర్తుకు గొలుసుతో కట్టేసినాయన పైన గుర్రు పెడుతుంటాడు.

ఇక అపార్ట్‌మెంట్ రిజిస్టరు. వచ్చినవాడు పేరు, ఫ్లాటు నంబరు, సంతకం పెట్టాలి. ఏం రాశాడో చూసేవాడు లేడు. సెల్లారులో కెమెరా ఉంది, దాని రికార్డింగ్ పెట్టె హాల్లో టీవీ పక్కన ఉంది. తెలివైన దొంగ టీవీతోపాటు దాన్నీ పట్టుకెళ్తాడు.

కాబట్టి ఈ సంక్రాంతికి కొత్త తాళం బేరమాడేముందు నాలుగు పొడుగాటి స్క్రూలు కొనండి. బాత్రూం వెంటిలేటర్ ఊచలు ఒకసారి ఊపి చూడండి. ఊరెళ్తున్న సంగతి పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం తిరిగొచ్చాకే పెట్టండి.