చివరి చుక్క పట్టింపులు

ఆమ్లంలోకి క్షారాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ, రెండూ సరితూగిన క్షణాన్ని సూచిక అనే రంగు మార్చే పదార్థం సాయంతో పసిగట్టి, అప్పటివరకు ఖర్చయిన ఘనపరిమాణం నుంచి తెలియని గాఢతను లెక్కగట్టే పద్ధతిని అంశమాపనం అంటారు. నిర్వచనం చదివినవారికి ఇది రెండు ద్రావణాల వ్యవహారంగా తోస్తుంది గాని, ప్రయోగశాలలో కాసేపు నిలబడి చూసినవారికి మనుషుల వ్యవహారమని తెలిసిపోతుంది.

సోడియం హైడ్రాక్సైడ్ తూకం వేస్తుండగానే తేమను పీల్చి బరువెక్కుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సైతం వదలదు. కనుక తన బరువును గురించి అది చెప్పే మాటను రసాయనశాస్త్రం నమ్మక, ఆక్సాలిక్ ఆమ్లం వంటి నికరమైన ప్రమాణ పదార్థాన్ని సాక్షిగా నిలబెట్టి అసలు గాఢతను రాబడుతుంది. గాజు సామానుకూ పట్టింపులున్నాయి. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే చివరిసారి కడగాలి, శంఖాకార కుప్పెను మాత్రం స్వేదనజలంతో తప్ప కడగరాదు. ఈ రెండింటినీ తారుమారుగా గుర్తుంచుకోవడం ఇంటర్మీడియెట్ విద్యార్థులకు పరంపరగా సంక్రమిస్తున్న విద్య. పిపెట్ మొనలో మిగిలిన చుక్కను ఊది దించడం మరొక విద్య; ఆ చుక్క అక్కడే ఉండిపోతుందని లెక్కవేసే తయారీదారు గీత గీశాడు గనుక, ఊదినవాడు కొసరు కూడా పుచ్చుకున్నట్లే.

అసలు పరీక్ష చివర్లో ఉంది. 25 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి అంతే గాఢత గల క్షారం దిగుతుంటే, 24 మి.లీ. పడినా పి.హెచ్. బద్ధకంగా 3 లోపే ఉంటుంది; అదే, సరితూగడానికి ఒక చుక్క ముందు, అంటే సుమారు 0.05 మి.లీ. తక్కువలో, 4 దగ్గరున్నది మరో రెండు చుక్కలు పడేసరికి 10 దగ్గరికి దూకుతుంది. 8.3 దాటాక రంగు తేలే ఫినాఫ్తలీన్ ఆ దూకుడులోనే లేత గులాబీగా మారి అర నిమిషం నిలిస్తే ప్రయోగం ఫలించినట్లు. అయితే లేతరంగును విజయంగా ఒప్పుకోవడానికి మనసొప్పని విద్యార్థి స్టాప్‌కాక్‌ను మరికాస్త తిప్పి, రాజమండ్రి రోజ్‌మిల్క్‌ను తలపించే ద్రావణాన్ని గర్వంగా పక్కవారికి చూపిస్తాడు.

ఇక మిగిలేవి రీడింగులు. ద్రవతలపు వంపు అడుగును కంటికి సరిగ్గా ఎదురుగా ఉంచి చదివినా కొలతకూ కొలతకూ ఒక చుక్క తేడా రావడం సహజం. అటువంటిది మూడు వరుసల్లోనూ 20.3 మి.లీ. అని చెక్కుచెదరకుండా పడిందంటే, ఆ ఖచ్చితత్వం బ్యూరెట్‌ది కాదు, కలానిది. మూడో కుప్పె ఇంకా పొడిగానే ఉందని పరీక్షకుడికి కనబడుతూనే ఉంటుంది, కాని వరండాలో రెండో బ్యాచ్ నిలబడి ఉంటుంది గనుక ఆయన సంతకం చేసేస్తాడు.