జిడ్డు మీద పగ

మా సీమవాళ్ళకు పగవాడు లేనిదే పొద్దు గడవదని బయటివాళ్ళు ఎగతాళి చేస్తుంటారు. ఆ మాట వమ్ము కాకూడదనేమో, నంద్యాల కుర్రకారు కొత్త పగ పట్టింది. పగవాడి కోసం ఊరు దాటనక్కర్లేదు, ముక్కు మీదే కూర్చున్నాడు. పేరు జిడ్డు.

పొద్దున బొగ్గు ఫేస్‌వాష్, మధ్యాహ్నం నిమ్మకాయ ఫేస్‌వాష్, సాయంత్రం శనగపిండి, పడుకోబోయే ముందు ముల్తానీ మట్టి. ఇంత దండయాత్ర చేసినా తెల్లారేసరికి నుదురు మళ్ళీ తళతళ! మహానంది కోనేరులో నాలుగు కడవలు తోడితే ఊట ఆగుతుందా? ముఖం మీద చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా నూనె గ్రంథులుంటాయి. వాటి మీద పెత్తనం సబ్బుది కాదు, ఒంట్లోని ఆండ్రోజన్ హార్మోన్లది. ఈడొచ్చిన పిల్లల్లో ఆ పెత్తనం మరీ ఎక్కువ. దానికి తోడు ఎండ. చర్మం వేడి ఒక్క డిగ్రీ పెరిగితే జిడ్డు సుమారు పదోవంతు పెరుగుతుందని 1970లలోనే కొలిచి చెప్పారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళో కాపురముంటూ మొహం మాత్రం ఊటీలో ఉన్నట్టుండాలంటే ఎట్లప్పా?

ఇంట్లో పెద్దవాళ్ళ తీర్పు వేరు. తప్పంతా ఉగ్గాని పక్కన కూర్చున్న మిరపకాయ బజ్జీదట. బజ్జీలో నూనె పొట్టలోంచి నడుచుకుంటూ వచ్చి ముక్కు మీద తేలుతుందని వాళ్ళ నమ్మకం. మొటిమల విషయంలో డాక్టర్లు కాస్తో కూస్తో అనుమానించేది తీపిని, పాలను. అంటే బజ్జీ తిన్న చేత్తోనే అందుకునే ఆ మూడు చెంచాల చక్కెర టీని. దాన్ని బోనెక్కించే ధైర్యం ఎవరికుంది?

ఇంతవరకూ నవ్వులాటే. మందుల షాపు గుమ్మం దగ్గర నవ్వు ఆగిపోతుంది. "అన్నా, మొహానికి ఏదన్నా మంచి క్రీము ఇయ్యి" అని అడిగితే చాలు, స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పడుతుంది. వారానికి మొహం పొట్టు తీసిన కోడిగుడ్డు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలు లేచి, ఆడపిల్లల చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేద్దామంటే మంట. మళ్ళీ అదే షాపు, అదే ట్యూబు. డాక్టరు చీటీ లేనిదే ఇలాంటి పూతమందులు అమ్మకూడదని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం గెజిట్లో భద్రంగా ఉంది, ట్యూబు గల్లా పక్కన ఇంకా భద్రంగా ఉంది. తుడిచినా వదలని జిడ్డు అసలు ఎవరిదో మీరే చెప్పండి.

నిజంగా పనికొచ్చే వైద్యం ఉంది గానీ, అందులో వీరత్వం లేదు. ఘాటులేని ఫేస్‌వాష్‌తో రోజుకు రెండుసార్లు, చెమట పడితే ఇంకోసారి కడుక్కోవడం. జిడ్డు మొహానికి మాయిశ్చరైజర్ ఎందుకని వెక్కిరించకుండా జెల్ లాంటిది పలచగా రాయడం. ఎండలోకి వెళ్ళేటప్పుడు అలాంటిదే సన్‌స్క్రీన్. రంధ్రాలు పూడుకుపోతుంటే సాలిసిలిక్ యాసిడ్. అమ్మ తలకు పట్టించిన కొబ్బరినూనెను నుదుటి మీదికి కారనివ్వకపోవడం. మొటిమలు ముదిరితే చర్మ వైద్యుడు. ఇంతే. దీనికి హోర్డింగు ఎవరు కడతారు, హీరోయిన్ను ఎవరు పిలుస్తారు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల బస్సు. కిటికీ పక్కన ఓ ఇంటర్ కుర్రాడు. పది నిమిషాలకోసారి ఫోన్ కెమెరాలో మొహం చూసుకోవడం, రుమాలుతో ముక్కు తోముకోవడం. ఆళ్లగడ్డ వచ్చింది. రోడ్డు పక్క షెడ్డులో ఓ శిల్పి నల్లరాతి విగ్రహం ముందు గొంతుక్కూర్చుని, దాని ముక్కు మీద మెరుపు తేవడానికి పొద్దుట్నించీ రుద్దుతూనే ఉన్నాడు. కుర్రాడు కిటికీలోంచి అటు ఓసారి చూసి, మళ్ళీ రుమాలు తీశాడు.