సున్నాకు సన్మానం

మొత్తానికి సి భాషకు నల్‌పీటీఆర్ వచ్చేసింది. శుభం. 2024 అక్టోబరులో వెలువడిన ప్రమాణానికి సి23 అని పేరు పెట్టుకున్నప్పుడే తెలిసిపోయింది, అంకెలంటే ఈ పెద్దలకు ఎంత పట్టింపో. సి ప్లస్ ప్లస్ వాళ్లు 2011 నుంచి వాడుతున్న మాటను ఇప్పుడు తెచ్చుకుని పండగ చేసుకుంటుంటే, మా అనంతపురం కుర్రాళ్లు కూడా స్టేటస్‌లు పెట్టుకున్నారు.

మరి ఎక్కడికీ చూపని పాయింటర్‌కు, అంటే నల్‌కు, ఇన్నాళ్లూ గుర్తుగా రాసిన పాత సున్నాను సాగనంపారా? అబ్బే! అది ఇంట్లోనే ఉంది, 1989 నాటి ప్రమాణం ఇచ్చిన దర్జాతో. విలువ సున్నాగా తేలే పూర్ణాంక స్థిరాంకం ఏదైనా సరే నల్ పాయింటర్ కాన్‌స్టెంట్ కిందే లెక్క. 0 అని రాయండి, నల్. 1-1 అని రాయండి, అదీ నల్. 42-42? నిక్షేపంగా నల్. సింగిల్ కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్ సున్నా పెట్టినా పాయింటర్ కాదనదు.

అదే సున్నాను ఒక ఇంట్ వేరియబుల్‌లో పెట్టి, అక్కణ్నుంచి పాయింటర్‌గా క్యాస్ట్ చేశారనుకోండి. అది నల్ అవుతుందన్న పూచీ ప్రమాణం ఇవ్వదు. కంపైలర్ కళ్లెదుట రాసిన సున్నాకు ఒక మర్యాద, ప్రోగ్రాం నడుస్తుండగా పుట్టిన సున్నాకు ఇంకో మర్యాద. రెండూ సున్నాలే, కాకపోతే గోత్రం వేరు.

ఇంకా ఉంది. రాసింది సున్నా కాబట్టి మెమొరీలోనూ సున్నాలే ఉంటాయనుకుంటాం. అక్కర్లేదు. వెనకటి ప్రైమ్ 50 సిరీస్ యంత్రాల్లో నల్ పాయింటర్ బిట్లన్నీ సున్నాలు కావు. మనం సున్నా అని రాస్తే, ఆ యంత్రానికి నల్ ఏదో కంపైలరే చూసుకుని పెట్టాలి. అంటే ఆ సున్నా అడ్రసు కాదు, బిట్లు కాదు, అంకె అసలే కాదు. ఉత్త సైగ. మా కరువు సీమలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింట్ చూపే మనిషి కూడా నీళ్లు లేకపోతే 'లేవప్పా' అంటాడు గానీ, సర్వే నంబరు సున్నాలో ఉన్నాయనడు.

ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా తీసుకునే ఫంక్షన్లకు నల్ మాక్రో పంపితే ఏమవుతుందో అడక్కండి. అది ఇంట్‌గా వెళ్లచ్చు, పాయింటర్‌గా వెళ్లచ్చు, ఆ కంపైలర్ చిత్తం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఈ తిరకాసును మన పిల్లలకు నేర్పే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది. 1948లో మద్రాసు నుంచి ఇంజినీరింగ్ కాలేజీ తరలివచ్చిన ఊరు మా అనంతపురం. ఇక్కడి యూనివర్సిటీ జేఎన్‌టీయూఏ ఆర్‌23 సిలబస్‌లో మొదటి ఏడాది అన్ని బ్రాంచీల వాళ్లూ సి చదవాల్సిందే. నేను చూసిన ల్యాబుల్లో మాత్రం ఇంకా టర్బో సి నీలం తెరే. అందులో స్మాల్ మెమొరీ మోడల్‌లో నల్ పాయింటర్ ద్వారా ఏదైనా రాస్తే ప్రోగ్రాం చావదు. చివరిదాకా నడిచి, పోతూ పోతూ 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని గొణుగుతుంది. ఎలా కనిపెట్టిందనుకున్నారు? డేటా సెగ్మెంట్ మొదట్లో టర్బో సి తయారుచేసిన బోర్లాండ్ వాళ్ల కాపీరైట్ నోటీసు ఉంటుంది, అది చెదిరిందా అని చూసుకుంటుంది! నల్ అంటే సున్నా అడ్రసు, అక్కడ గీకితే మహా అయితే ఒక గొణుగుడు. పిల్లవాడు నేర్చుకునేది ఇదీ.

బయట సంగతి గొణుగుడుతో ఆగదు. 2009లో లినక్స్ కెర్నెల్ టన్ డ్రైవర్‌లో పాయింటర్‌ను ముందు వాడేసి, తర్వాత నల్ అవునా కాదా అని చూశారు. వాడేశాక ఇక నల్ ఎలా అవుతుందని జీసీసీ ఆ పరీక్షనే ఎత్తేసింది. దాన్ని పట్టుకుని రూట్ అధికారం కొట్టేయొచ్చని తేలింది. 2025 జూన్ 12న ఖాళీ గడులున్న పాలసీ డేటా ఒకటి నల్ పాయింటర్‌కు తగిలి, గూగుల్ క్లౌడ్ సేవలు గంటల తరబడి కుప్పకూలాయి. 1965లో నల్ రిఫరెన్స్‌ను తెచ్చిన టోనీ హోర్ కూడా అది తన బిలియన్ డాలర్ల తప్పని 2009లో చెప్పుకున్నాడు. మన వైవాల్లో మాత్రం 'నల్ అంటే ఏమప్పా?' 'సున్నా సార్.' 'గుడ్, కూర్చో.'

సార్లూ, దయచేసి ఆ పిల్లవాణ్ని అప్పుడే కూర్చోబెట్టకండి. 1-1 నల్ అయినప్పుడు ఇంట్‌లో పెట్టిన సున్నాకు ఆ పూచీ ఎందుకు లేదో అడగండి. మీకూ అనుమానం వస్తే, ఆ నీలం తెర మూసి ప్రమాణం తెరవండి.