పదహారు గంటల పస్తు, గంట జిమ్ము, గ్రాము తగ్గకుండా!

‘ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేస్తున్నానండీ, పొద్దున్నే వాకింగు కూడా’ అని నలుగురిలో చెప్పుకోవాలని మీకుంది. అలాగని ప్యాంట్లు వదులైపోయి టైలరు చుట్టూ తిరిగే ఓపిక లేదు. అలాంటివారి కోసమే ఈ నాలుగు మాటలు. ఉపవాసం ఒక్కటే చేసి బరువు తగ్గకుండా ఉండటం తేలిక. వ్యాయామం ఒక్కటే చేసి తగ్గకుండా ఉండటం ఇంకా తేలిక. రెండూ చేస్తూ కూడా తగ్గకపోవడంలోనే ఉంది పనితనమంతా.

ముందు మన శత్రువెవరో తెలియాలి. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్థూలకాయులను నాలుగు జట్లు చేసి, 2013లో ఫలితాలు ప్రచురించి మన కొంప ముంచారు. ఒక జట్టు రోజు విడిచి రోజు తమకు కావలసిన కేలరీల్లో పావు వంతే తినాలి. ఒక జట్టు వారానికి మూడు రోజులు సైకిల్ లాంటి యంత్రాల మీద చెమటోడ్చాలి. మూడో జట్టు రెండూ చేయాలి. నాలుగో జట్టుకు ఏ నియమమూ లేదు. 12 వారాలయ్యాక చూస్తే ఉపవాసం చేసినవాళ్లు సగటున 3 కిలోలు, వ్యాయామం చేసినవాళ్లు 1 కిలో తగ్గారు. రెండూ చేసినవాళ్లు ఏకంగా 6 కిలోలు! నాలుగో జట్టువారిది ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఈ సంగతి ఇంట్లో ఎవరి చెవినా పడనీయకండి. ఆ మూడో జట్టువాళ్లు చేసిన పొరపాటల్లా ఒక్కటే: కడుపు మాడ్చుకుని మిగిల్చింది జిమ్ము పేరు చెప్పి తినెయ్యలేదు, జిమ్ములో ఖర్చు పెట్టింది ఉపవాసం పేరు చెప్పి తినెయ్యలేదు. మనం ఆ రెండూ శ్రద్ధగా చేయాలి.

కాబట్టి పద్ధతుల్లోకెల్లా 16:8 ఎంచుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తినడం, మిగతా పదహారు గంటలు నోరు కట్టేసుకోవడం. ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అని ఎవరైనా అడిగితే ‘అదంతా అక్కర్లేదండీ, టైమే ముఖ్యం’ అని కొట్టిపారేయండి. మీ వైపు సాక్ష్యం కూడా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో సరిగ్గా ఇవే వేళలు పెట్టి, కేలరీల లెక్క ఏమీ చెప్పకుండా జనాన్ని వదిలేశారు. 12 వారాల్లో వాళ్లు తగ్గింది కిలో లోపు. మూడు పూటలా తిన్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడాయే లేదు. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ వాళ్లు రెండు జట్లకూ కేలరీలు తగ్గించి, ఒక జట్టుకు మాత్రం వేళలు కూడా పెట్టి ఏడాదిపాటు చూశారు. వేళలు పెట్టినవాళ్లు 8 కిలోలు, మిగతావాళ్లు 6 కిలోల పైచిలుకు తగ్గారు. ఆ కాస్త తేడా గడియారం చలవేనని చెప్పలేమన్నారు. అంటే బరువు తగ్గించిన పాపం కంచానిది. మీరు మాత్రం గడియారాన్నే నమ్ముకోండి.

ఇక అసలు ఘట్టం. పదకొండూ యాభై రెండు అవుతుంది. ఫోనులో ఫాస్టింగ్ యాప్ తెరిచి, భోజనాల బల్ల దగ్గర కూర్చోండి. ఆ గుండ్రటి గీత పూర్తయ్యేదాకా కళ్లార్పకండి. ఎదురుగా వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ జాడీ, కరిగిన నెయ్యి గిన్నె ఉండాలి. పన్నెండు కొట్టగానే ఆవకాయ ముద్దలో గుంట తవ్వి మరీ నెయ్యి పోయండి, చెంచాతో కొలవకండి. రెండో వాయి అన్నానికి ‘పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలేదు’ అన్న మాట చాలు. మారు వడ్డించడానికి ఎవరైనా వెనకాడితే ఆ మాటనే కాస్త నీరసంగా అనండి. రాత్రి ఏడూ యాభైకి మళ్లీ ఇదే హడావుడి: తలుపు మూసే వేళయింది కాబట్టి ఆకలి లేకపోయినా రెండు చపాతీలు, ఓ అరటిపండు, డబ్బాలో మిగిలిన జంతికలు. రేపు పన్నెండు దాకా ఏమీ ఉండదు మరి.

ఇందులో కొత్తేమీ లేదు. ఏకాదశినాడు అన్నం మానేసి, జీడిపప్పులు తేలే ఉప్మాతో, మీద నాలుగు అరటిపళ్లతో ఉపవాసం గట్టెక్కించిన వంశాలు మనవి.

వ్యాయామం దగ్గర చాలామంది తొందరపడి చెడగొట్టుకుంటారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మోస్తరు వేగమంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మీరు హాయిగా రెండు చరణాలూ పాడుకోగలిగే నడక ఎంచుకోండి. హైదరాబాదు కేబీఆర్ పార్కు దగ్గరైనా, విశాఖ బీచ్ రోడ్డు మీదైనా స్నేహితుల గుంపుతో అడ్డంగా నడిస్తే ఆ వేగం దానంతటదే వస్తుంది. డెబ్భై కిలోల మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉండేవీ దాదాపు అన్నే. ఈ లెక్క మరిచిపోవడం మీకు చాలా అవసరం. మీ చేతి గడియారం 400 అని చూపిస్తే అదే వేదం. ఆ 400కి సరిపడా సాయంత్రం మిర్చిబజ్జీలు తినే హక్కు మీకుంది, మొహమాటపడకండి. పొద్దున నడిచారు కాబట్టి మిగతా రోజంతా కుర్చీ వదలకండి, ఒక్క అంతస్తుకైనా లిఫ్టే ఎక్కండి.

బరువులెత్తే జోలికి మాత్రం పోవద్దు. ప్రొటీను జోలికీ అంతే: పప్పు కొంచెం, అన్నం కొండంత ఉండాలి. గుడ్డు, పెరుగు, సెనగల్లాంటివి ఆ ఎనిమిది గంటల్లో ఇరికించబోకండి, జాగా చాలదు. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. ఆ లెక్కలు మనకెందుకు? ఇందాకటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయోగంలోనే, ల్యాబుకు పిలిపించి పరీక్షించిన ఉపవాసం జట్టులో తగ్గిన బరువులో మూడింట రెండొంతుల దాకా కొవ్వు కానే కాదు, కండ ఖాతాలోది. మీకూ ఆ భాగ్యం దక్కాలంటే డంబెల్ ముట్టుకోకండి. కండ పోయి కొవ్వు ఉంటే పొట్ట చెక్కుచెదరదు, మెట్లెక్కితే ఆయాసం అదనం.

ఎవరైనా వాదనకు వస్తే ‘ఆటోఫజీ’ అనండి, అంటే కణాలు తమలోని చెత్తను తామే తినేసి శుభ్రం చేసుకోవడం. దాని మీద పని చేసిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిందని చెప్పండి. ఆయన దాని గుట్టు విప్పింది ఈస్టు కణాల్లోనని చెప్పకండి. బజ్జీ చేతిలో ఉన్నప్పుడు నోబెల్ ప్రస్తావన మరీ బాగా పండుతుంది.

ఒక్కచోట మాత్రం వెటకారం పక్కన పెడుతున్నాను. షుగరుకు ఇన్సులిన్‌గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడుతున్నవారు మోతాదు మార్చకుండా పస్తుండి నడకకు వెళ్తే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం. డాక్టరుతో మాట్లాడి మందులు సర్దుకున్నాకే ఏదైనా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు దీని జోలికి రాకూడదు. ఇది సరదాగా చెప్పిన మాట కాదు.

సరే, మళ్లీ మన దారికి వద్దాం. బరువు ఎప్పుడు చూసుకోవాలి? సోమవారం మందుల షాపు ముందున్న మిషను మీద బూట్లతో, గురువారం జిమ్ములో చెమట పట్టాక, ఆదివారం బావగారింట్లో బిర్యానీ తిన్నాక. ఏ రెండూ పోల్చడానికి వీల్లేకుండా ఉంటేనే క్షేమం. నడుం చుట్టూ టేపు పెట్టకండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ముప్పని మన డాక్టర్లు గీత గీశారు. బీఎంఐ 24 వస్తే విదేశీ పట్టిక చూసి సంతోషించండి, మన వాళ్లకు 23 దగ్గరే గంట మోగించారు.

మూడు నెలలు ఇలా నిష్ఠగా చేసినా ముల్లు కదలకపోతే, ‘మా ఇంటిల్లిపాదిదీ ఇదే తత్వమండీ’ అనేయండి. అదీ చెల్లకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. రిపోర్టు నార్మల్ వస్తే ల్యాబు మార్చండి.