‘ఇంగ రెండు దినాలు తాళు’: సటీకా తాత్పర్యము

మూలము:
“మా, రేటు ఎక్కతా ఉండాది. ఇంగ రెండు దినాలు తాళు.”

అవతారిక: కువైట్‌లో ఇంటిపనికి పోయిన కూతురు మదనపల్లెలోని తల్లి ఫోనుకు పంపిన వాయిస్ మెసేజి ఇది. నిడివి తొమ్మిది సెకన్లు. ఛందస్సు లేదు. నడుమ కుక్కర్ కూత వినబడుతుంది, దాన్ని యతిస్థానంగా గ్రహించేది.

ప్రతిపదార్థము:

మా = అమ్మా. ఆద్యక్షర లోపం. మా సీమలో ఇది నిత్యవిధి, దోషం కాదు.

రేటు = ధర. దేని ధర? మదనపల్లెలో ముందు మాటేదీ లేకుండా రేటు అంటే టమాటా రేటే, 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఊళ్లో వేరే మాటే లేదు గదా అని పూర్వపక్షం. అది చెల్లదు. టమాటా రేటు ఎక్కుతుంటే తాళమనే వాడుండడు, ఆ పూటే మండీకి తోలాలి, మర్నాటికి కాయ మెత్తబడుతుంది. కుళ్లకుండా తాళగలిగేది దీనారు. కనుక ఇక్కడ రేటంటే దీనారు రేటని సిద్ధాంతం.

దీనార శబ్దం మనకు కొత్తది కాదు. రోము వారి దేనారియస్ సంస్కృతంలోకి దీనారమై వచ్చింది, నిష్కానికి ఆ అర్థమూ ఉందని అమరకోశం చెబుతుంది. శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయల కొలువులో వీటితోనే స్నానం చేయించారని ప్రతీతి. దీనులు ఆరాటపడేది కనుక దీనారమని కొందరి వ్యుత్పత్తి. ఆ కొందరూ నేనే.

ఎక్కతా ఉండాది = పెరుగుతున్నది. ఎక్కడి నుంచి ఎక్కుతున్నదో చెప్పకుండా ఈ క్రియకు అర్థం తెగదు. ఒకప్పుడు రేటన్న మాటకే తావు లేదు, కువైట్ అంగళ్లలో మన రూపాయే చెల్లేది. ఆ రూపాయలు దొంగబంగారానికి మారి మన ఖజానాకు గండి పెడుతున్నాయని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫుకు వేరే నోట్లు అచ్చువేసింది. అంకెల ముందు జెడ్ అక్షరం వాటి ఆనవాలు. 1961 ఏప్రిల్‌లో కువైట్ సొంత దీనారు తెచ్చుకుంది. విలువ బ్రిటిషు పౌనుతో సమానం, మన లెక్కన 13 రూపాయల 33 పైసలు. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 నుంచి 7.50కి పోతే దీనారు 21కి పోయింది. మరుసటి ఏడాది పౌను కూడా పడింది గానీ దీనారు దాని వెంట దిగలేదు. 1991 జూలైలో మన రూపాయిని ఒకటో తేదీన ఒకసారి, మూడో తేదీన మరోసారి దించారు. ఈమధ్య దీనారు 270 దాటి కూడా పలికింది.

ఇక్కడ కర్తను గుర్తించడంలో పామరులు పొరబడతారు. 1961లో దీనారుకు 2.80 డాలర్లు. నేడు మూడుంబావు, కాస్త అటూ ఇటూ. అరవయ్యేళ్లలో అది ఎక్కింది అంతే. కుప్పం స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలే కదిలిందనుకుంటాం చూడండి, అట్లా దిగే రూపాయిని చూసి దీనారు ఎక్కుతున్నదంటున్నాం.

ఒక్కసారి మాత్రం దీనారుకే దిక్కు లేకపోయింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కువైట్ దీనారును ఇరాక్ దీనారుతో సమానం చేసి, తర్వాత చెల్లదు పొమ్మన్నారు. లక్షకు పైగా మనవాళ్లు అమ్మాన్ మీదుగా ఇల్లు చేరారు. ‘ఎక్కతా ఉండాది’ అన్న క్రియ అప్పుడు విమానానికే అన్వయించింది.

చారిత్రక విశేషము: రేటు చూసి సంచి మూతి విప్పడం ఈ నేలకు పాత విద్య. పుంగనూరు, కంగుంది జమీందారీల కాలంలో మద్రాసు లెక్కన వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. 1818లో కుంపిణీ వారు రూపాయిని ప్రమాణం చేసి, నూరు వరహాలకు 350 రూపాయలని తేల్చారు. కంగుంది జమీనులోని కుప్పానికి పొరుగునే మైసూరు, అక్కడి కంఠీరాయి పణం తూకమే వేరు. ఇన్ని నాణేల నడుమ లాభం తిన్నవాడు షరాబు.

రెండు దినాలు = రెండు రోజులు అని వాచ్యార్థం. వారమైనా కావచ్చునని లక్ష్యార్థం.

తాళు = ఓర్చుకో. ‘తాలు’ అని పాఠాంతరం, గింజ పట్టని వడ్లని అర్థం. ఇది తల్లి చెవికి వినబడ్డ పాఠం, దాన్ని తోసిపుచ్చలేం. ఎట్లంటే, రెండు రోజుల్లో దీనారుకు అర్ధరూపాయి పెరిగిందనుకుందాం. కూతురు పంపేది నూరు దీనార్లు, లాభం 50 రూపాయలు. తల్లి తెచ్చిన అప్పు లక్ష, వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. రోజుకు 66 రూపాయల చిల్లర చొప్పున రెండు రోజులకు 130 దాటుతుంది. పల్లె వడ్డీ నెల లెక్కే గానీ రోజు లెక్క కాదు గదా అని ఆక్షేపణ. నిజమే, అందుకే చిక్కంతా. గడువు దాటితే రెండు రోజులకూ నెల వడ్డీ కట్టమంటాడు. ఆ గడువు రేపు.

తాత్పర్యము: అమ్మా, మన రూపాయి ఇంకొంచెం పడుతుందని ఇక్కడ అనుకుంటా ఉండారు. పడనీ. పడినాక పంపిస్తా.

ఉత్తరవచనము (తల్లి, నాలుగు సెకన్లు): “అప్పిచ్చిన ఆయప్ప వాకిట్లోనే కూచోనుండాడు. ఫోనిస్తా, తాళమని ఆయప్పకే చెప్పు.”