ఇల్లు మీది, తాళం వాళ్లది

మా బామ్మర్ది పేపర్లో సినిమా పేజీ మానేసి బ్యాంకు వేలం ప్రకటనలు చదువుతున్నాడు. ఆవగింజంత అక్షరాలు. బాకీదారు పేరు, హామీదారు పేరు, ఆ కింద చెక్కుబంది: తూర్పున 20 అడుగుల రోడ్డు, పడమర ఫలానా వాళ్ల ఇల్లు. నాలుగు హద్దులతో సహా పరువు తీయడమంటే ఇదే.

"బావా, కర్నూల్లో మిద్దె. మొదటి వేలానికి ఎవరూ రాలేదంట, ధర తగ్గించినారు. ఇంకోసారి ఆగుదామా?"

ఆగు నాయనా. ఊరంతా ఆగే ఉంది.

కర్నూలు న్యాయ రాజధాని అని 2019 డిసెంబర్లో మాట వచ్చింది. హైకోర్టు రాలేదు గానీ వెంచర్లు వచ్చినాయి. 2021 నవంబర్లో మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈఎమ్ఐలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కడప ఉక్కుకైతే 2018లో ఒక శంకుస్థాపన, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా సెంటు ధర లేస్తుంది, చిప్పలు ఎండేలోగా కూలబడుతుంది.

90 రోజులు వాయిదా కట్టకపోతే అప్పు మొండిబాకీ. ఆపైన 60 రోజుల నోటీసు. 2002 నాటి సర్ఫేసీ చట్టం పుణ్యమా అని బ్యాంకు కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. సాగుభూమిని మాత్రం ఈ చట్టం ముట్టదు. (సీమలో నీళ్లు లేని చేనును ముట్టి ఏం చేసుకుంటారు లెండి.)

"ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని ప్రకటనలోనే ఉంటుంది. పాట మీదైతే మరుసటి పనిరోజుకల్లా నాలుగో వంతు, 15 రోజుల్లో మిగతాది. గడువు తప్పితే కట్టింది గోవిందా. ఇంటిపన్ను బకాయి, కరెంటు బకాయి ఏమైనా ఉంటే అవీ మీకే కానుక. అన్నిటికన్నా రుచికరం "సింబాలిక్ స్వాధీనం" అనే మాట. గోడకు నోటీసు అంటించినారు, లోపల పాత యజమాని అన్నం తింటున్నాడు అని దానర్థం. ఆయన్ను లేపాలంటే కలెక్టరు దాకా పోవాలి.

సరే, చూసొద్దామని పోయినాం. గేటు మీద నోటీసు సగం ఊడి వేలాడుతోంది. వసారాలో నాపరాళ్లు కడుగుతున్న పెద్దమ్మ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఇల్లు చూడను వచ్చినారా? రాండి, కూచోండి." మంచినీళ్లు తెచ్చిచ్చింది. "బాగా పాడండి నాయనా. బాకీ పోను మిగిలితే మాకిస్తారంట."

మూడో వేలం దాకా ఆగుదామన్న మా బామ్మర్ది గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయినాడు.